గడ్డి పండుకున్న దిక్కు

ఆ రోజు నేను పోగొట్టిన పట్ దూరం రెండడుగులు. బంతికీ గుంటకీ మధ్య నా బూట్లు రెండూ వరుసగా పెడితే దాదాపు నిండిపోయేంత. గోల్ఫ్ తెలియనివాళ్ళకి చెప్పాలంటే, దూరంగా కొట్టే దెబ్బలన్నీ అయ్యాక చివర్లో నున్నగా కత్తిరించిన పచ్చిక మీద బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వేయాలి. ఆ పచ్చికని గ్రీన్ అంటారు. దొర్లించే దెబ్బ పట్. దానికి వాడే కర్ర పటర్. చూసేవాళ్ళకి ఇంతకంటే తేలికైన పని ఉండదు. అందుకే అది తప్పితే ఎవరూ జాలిపడరు, నవ్వుతారు.

అది దంపతుల పోటీ. మా వారు ఫౌజులో చేసి రిటైరయ్యాక మేం సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నాం. నేను మల్కాజ్‌గిరిలో ఒక బడిలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి మానేశాను. ఇంట్లో కూర్చోలేక ఆయనతో మైదానానికి వెళ్ళడం మొదలుపెట్టాను. దూరపు దెబ్బలు ఫరవాలేదనిపించేవి. గ్రీన్ మీదికి వచ్చేసరికి నా చేతులు నావి కాకుండా పోయేవి.

ఆ చివరి పట్ పడితే మాకు రెండో స్థానం. కొట్టాను. బంతి గుంట కుడి అంచు పక్కగా జారి మూడడుగులు అవతలికి పోయింది. వెనక్కి కొట్టాను. అదీ పడలేదు.

తర్వాత షామియానా కింద టీ, సమోసాలు. మా వారు చుట్టూ ఉన్నవాళ్ళకి వినిపించేలా అన్నారు: "మా ఆవిడ ముప్ఫై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పింది. తను మాత్రం రెండడుగులు కొలవడం నేర్చుకోలేదు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాట కంటే ఆ నా నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది. ఎందుకు నవ్వాను? ఎవరి మర్యాద కోసం?

కారులో ఇంటికి వస్తుంటే ఆయన అడిగారు. "ఏంటి, అలిగావా?"

"లేదు."

"జోక్ అది."

"తెలుసు."

తెలిసినా మంట తగ్గలేదు. పైగా ఆయనకి ఆ మాట నచ్చేసింది. తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక ఆవరణలో పాస్టరు గారికి చెప్పారు. క్రిస్మస్‌కి మా చెల్లెలి ఇంట్లో కేకు తింటూ చెప్పారు. మూడోసారి మా పక్కింటివాళ్ళకి చెప్పబోతుంటే చేతిలో ప్లేటు బల్ల మీద గట్టిగా పెట్టాను.

"ఇంకొక్కసారి ఆ మాటంటే ఇక్కణ్ణించి లేచి వెళ్ళిపోతాను."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "ఇంత చిన్నదానికా?"

చిన్నది. కూరలో ఉప్పు తక్కువైతే ఆయనకది చిన్నది కాదు. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తే మాత్రం చిన్నది. ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారేసరికి నిర్ణయించుకున్నాను, ఈ పటింగ్ ఏంటో తేల్చుకోవాలని. ఆట మీద ప్రేమతో కాదు, ఉత్త కోపంతో.

మా వారు పశ్చాత్తాపంతోనో ఏమో ఒక కోచ్‌ని కుదిర్చారు. కుర్రవాడు కాదు, నలభై దాటినవాడే, మంచి పేరున్నవాడు. నన్ను పది బంతులు కొట్టమన్నాడు. కొట్టాను. అతను నా పక్కనే నిలబడి, నా తల మీదుగా మా వారితో అన్నాడు: "సార్, మేడం కొంచెం రిలాక్స్ కావాలి."

"నేనిక్కడే ఉన్నాను," అన్నాను. "నాకే చెప్పండి."

అతను నవ్వి మళ్ళీ ఆయన వైపే తిరిగాడు. "మేడంకి గుస్సా జాస్తి ఉంది సార్."

రెండో పాఠానికి నేను వెళ్ళలేదు.

సంక్రాంతి సెలవులు అయిపోయిన మర్నాటి నుంచి ఒక్కదాన్నే సాధన మొదలుపెట్టాను. పొద్దున్నే మా వారు స్నేహితులతో ఆడటానికి వెళ్తే, నేను క్లబ్ భవనం పక్కన సాధన కోసం వేసిన గ్రీన్ మీద ఆగిపోయేదాన్ని. నాలుగు బంతులు, ఒక పటర్. ఎంత గట్టిగా పట్టుకునేదాన్నంటే వారం తిరిగేసరికి బొటనవేలి మొదట్లో కాయ కాసింది. పక్కకి పోతే బంతిని తిట్టేదాన్ని, ఆగిపోతే గడ్డిని తిట్టేదాన్ని. ఒక్కో బంతిలో ఒక్కో మొహం కనిపించేది. కోచ్, మా వారు, ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వినావిడ. నెల గడిచినా నాలుగు బంతుల్లో ఒకటి పడితే గొప్ప.

ఒక పొద్దున వరుసగా ఆరో ఏడో తప్పాయి. వెనక నుంచి నవ్వు వినిపించింది. తిరిగి చూస్తే, గ్రీన్ చివర గొంతుక్కూర్చుని కలుపు తీస్తున్న మనిషి. నా కంటే నాలుగైదేళ్ళు చిన్నదై ఉంటుంది. తలకి తువ్వాలు, చేతిలో చిన్న ఖుర్పీ, పక్కన పీకిన కలుపు వేసుకునే గోనెసంచి. రోజూ అక్కడే ఉండేది. నెల రోజులుగా నేనామెని ఒక్కసారీ సరిగ్గా చూడలేదు.

"ఎందుకు నవ్వుతున్నావ్?" గద్దించినట్టే అడిగాను.

"నవ్వరాదా మేడం? పొద్దుగాల్ల సంది సూస్తున్న. బంతి మీద గంత కోపమేంది నీకు?"

ఆ 'నీకు' అన్న మాట చుర్రుమంది. మా అమ్మానాన్నలు గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు, మా ఇంట్లో పాలబ్బాయిని కూడా మీరు అనేవాళ్ళం. ఇక్కడ నువ్వంటే అమర్యాద కాదని ముప్ఫై ఏళ్ళుగా తెలిసినా, ఆ పూట నా ఒళ్ళు మండిపోతోంది, తెలిసినవన్నీ మర్చిపోయాను.

"నీకేం తెలుసని నవ్వుతున్నావ్?"

ఆమె ఖుర్పీ కింద పెట్టి లేచింది. "నువ్వు గీడ నిలవడి సీదా కొడ్తున్నవ్. అది సీదా జాగ గాదు. పైపు ఇడిస్తే నీళ్ళు గా మూలకు పోతయ్. నీళ్ళు ఏ దిక్కు పోతే బంతి సుత గా దిక్కే పోతది."

చూశాను. నా కంటికి అంతా చదునుగానే ఉంది.

"కండ్లకు కానరాదు," అంది. "బూట్లు ఇడిసి నడువు. కాళ్ళకు ఎరుకైతది."

చుట్టూ చూసి, ఎవరూ లేరని బూట్లు, మేజోళ్ళు తీశాను. మంచు తడికి గడ్డి చల్లగా ఉంది. బంతి దగ్గర నుంచి గుంట దాకా నడిచాను. సగం దూరం దాటాక ఎడమ పాదం మీద బరువు ఎక్కువ పడింది. మళ్ళీ నడిచాను. మళ్ళీ అంతే. నెల రోజులుగా నేను తిట్టిన చోటు అది. నేల ఎడమకి వాలి ఉంది, నేను బంతిని తిడుతున్నాను.

గుంటకి జానెడు కుడిగా గురిపెట్టి కొట్టాను. బంతి వంపు తిరిగి లోపల పడింది. టక్‌మని ఆ చప్పుడు.

ఆనందపడాల్సింది. నాకు మరింత కోపం వచ్చింది. కోచ్‌కి ఇది ఒక్క ముక్కలో చెప్పడానికేం?

ఆ రోజు నుంచి ఆమె పనిచేసుకుంటూనే నాకు చెప్పేది, నేను కొడుతూ వినేదాన్ని. గడ్డి గురించి చెప్పింది ముందు. "గీడికెల్లి సూడు, మెరుస్తున్నదా? గడ్డి అవతలికి పండుకున్నది. బంతి ఉరుకుతది, మెల్లగ కొట్టు. అటు దిక్కుకెల్లి సూస్తే నల్లగ కొడుతది. అంటే గడ్డి నీ దిక్కు మొహం పెట్టుకొని ఉన్నది. బంతిని పట్టి ఆపుతది. జెర జోరుగ కొట్టాలె." పొద్దున మంచుకి బంతి నెమ్మదిస్తుందనీ, ఎండెక్కాక అదే దెబ్బకి గజం ఎక్కువ పోతుందనీ చెప్పింది. పదకొండేళ్ళుగా ఆ గడ్డి మీదే కూర్చుంటోందట. "నాకు ఎరుక గాకపోతే ఎవ్వరికి ఎరుకైతది?" అనేది.

నా చేతులు చూసి ఒకరోజు అంది: "గంత గట్టిగ పిసికితే నా ఖుర్పీ సుత ఇరుగుతది. నీ కోపం మొత్తం చేతి ఏళ్ళల్లకు దిగింది."

ఇంకో రోజు: "కొట్టంగనే తల లేపుతున్నవ్. ఎందుకు? బంతి ఏడికి పోతది, గుంటల పడితే సప్పుడు ఇనబడదా? నేను కలుపు తీస్తప్పుడు తల లేపితే ఏలు కోసుకుంట."

నాకు తెలిసిన లెక్కలు నేనూ కలిపాను. ఫోన్‌ని సంచికి ఆనించి వీడియో తీసుకుని చూస్తే నా మణికట్టు దెబ్బకో రకంగా వంగుతోంది. గోడగడియారం లోలకంలా భుజాల నుంచి ఊగాలి, మణికట్టు కదలకూడదు. ఎంత వెనక్కి తీస్తే అంత ముందుకి పోవాలి. దూరం పెంచాలంటే ఊపు పొడవు పెంచాలి గానీ బలం పెంచకూడదు. ఇంటి హాల్లో గచ్చు పలకల మధ్య గీత మీద బంతి పెట్టి, అవతల స్టీలు గ్లాసు అడ్డంగా పడుకోబెట్టి, బంతి గీత తప్పకుండా గ్లాసులోకి పోయేదాకా కొట్టేదాన్ని. గ్లాసు మోత వినలేక మా వారు పేపరు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయేవారు. వెళ్ళనీ అనుకునేదాన్ని.

అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది దూరం. గురి తప్పితే బంతి జానెడు పక్కకి పోతుంది, దూరం తప్పితే గజాలకి గజాలు పోతుంది. రెండడుగులు కొలవలేదని నన్ను వెక్కిరించినాయన సరిగ్గా నా జబ్బు మీదే చెయ్యి పెట్టారన్నమాట. అది ఒప్పుకోవాల్సి వచ్చినందుకు కూడా కోపం వచ్చింది. కళ్ళు మూసుకుని కొట్టి, బంతి ఎక్కడాగిందో చూడకుండా చెప్పడం సాధన చేశాను. "దగ్గరే ఆగింది," అనేదాన్ని. "దూరం పోయింది," అనేది ఆమె. మెల్లమెల్లగా ఇద్దరి మాటా ఒకటయ్యింది.

మార్చి చివర్లో నాకు బాగా గుర్తున్న ఆ పొద్దున. పదిహేనడుగుల దూరం నుంచి, రెండు వంపులున్న దారిలో బంతిని గుంట అంచుకి చేర్చాను. పటర్ ఆమె చేతికిచ్చాను.

"నువ్వు కొట్టు."

"నేనా? వద్దు మేడం. ఎవరన్న సూస్తే తక్లీఫ్ అయితది."

"ఎవరూ లేరు. నేనున్నాను కదా. కొట్టు."

నేనున్నాను కదా. ఆ మాట నేనే అన్నాను.

ఆమె చెయ్యి చీరకొంగుకి తుడుచుకుని పటర్ పట్టుకుంది. వీడియోలో నాకెప్పుడూ కనిపించని నిలకడ ఆ భుజాల్లో ఉంది. మొదటి బంతి జానెడు ముందు ఆగింది. రెండోది రెండు వంపులూ తిరిగి గుంటలో పడింది. ఆమె తల ఎత్తకుండానే నవ్వింది, చప్పుడు వినబడగానే.

అప్పుడే వెనక బ్యాటరీ బండి ఆగింది. కమిటీలో గ్రీన్ల బాగోగులు చూసే పెద్దమనిషి దిగాడు. మా వారితో కలిసి ఆడతాడు, మా ఇంట్లో రెండుసార్లు భోంచేశాడు.

"నీ చేతికి అదెవరిచ్చారు?" అన్నాడు ఆమెతో.

ఆమె పటర్ కింద పెట్టేసింది. నా వైపు చూసింది. అతనూ నా వైపు చూశాడు. "మేడం, మీరా?"

నేనేం చెప్పాలో నాకు తెలుసు. మూడు మాటలు. 'నేనే ఇచ్చాను, కొట్టమన్నాను.' నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "ఏదో... ఒకసారి పట్టుకుని చూస్తానంటే..."

ఆమె అడగలేదు. వద్దంది. నేనే బలవంతం చేశాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి అబద్ధం చెప్పకూడదని చెప్పిన నోరు, ఒక్క క్షణంలో నేరం ఆమె మీదికి తోసేసింది.

అతను తల పంకించి, "పనిచూసుకో," అని ఆమెతో అని వెళ్ళిపోయాడు. ఆమె ఖుర్పీ తీసుకుని అవతలి చివరకి పోయి కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళి, "ఏం కాదులే," అన్నాను. ఆమె ఇంకో మొక్క పీకి గోనెసంచిలో వేసింది.

మర్నాడు ఆ చోట వేరే మనిషి ఉంది. పనివాళ్ళని చూసే మేస్త్రీని అడిగాను.

"ఆమెను తీసేసిన్రు మేడం. పైనకెల్లి చెప్పిన్రు. మేం కాంట్రాక్టు వాళ్ళం, మేమేం చేస్తం?"

ఇంటికొచ్చి మా వారితో చెప్పాను. నేనేం అన్నానో అది కూడా దాచకుండా చెప్పాను. ఆయన "నీకెందుకు ఆ గొడవ? కమిటీతో పెట్టుకుంటే రేపు మొహాలెలా చూసుకుంటాం?" అన్నారు.

"పదకొండేళ్ళ పని పోయింది ఆమెకి, నా వల్ల."

"వేరే చోట దొరుకుతుందిలే."

"మీకు నన్ను నవ్వులపాలు చేయడం చిన్నది, ఆమె కూడు పోవడం చిన్నది. పెద్దదేంటో చెప్పండి!"

నేను అంత గట్టిగా అరవడం పెళ్ళయ్యాక అదే మొదలు. నా గొంతుకి నేనే ఉలిక్కిపడ్డాను.

మర్నాడు కమిటీ పెద్దమనిషి గదికి వెళ్ళాను. నేనే ఇచ్చాననీ, ఆమె వద్దన్నా వినలేదనీ, మొన్న నేను చెప్పింది అబద్ధమనీ చెప్పాను. ఆయన కుర్చీ చూపించి, టీ తెప్పించి, శాంతంగా విన్నాడు. ఆ శాంతమే నాకు భరించరానిదయ్యింది.

"రూల్ రూలే కదా మేడం. ఒకరిని వదిలేస్తే అందరూ మొదలుపెడతారు."

"ఏ రూల్? ఎక్కడ రాసి ఉంది పనివాళ్ళు పటర్ ముట్టకూడదని? చూపించండి."

"అన్నీ రాయాల్సిన అవసరం లేదు మేడం," అన్నాడు నవ్వుతూ. "కొన్ని అందరికీ తెలిసే ఉంటాయి."

టీ ముట్టుకోకుండా వచ్చేశాను. బయటికొచ్చాక చూసుకుంటే అరచేతుల్లో గోళ్ళ ముద్రలు.

ఆమెని వెతకడానికి పది రోజులు పట్టింది. మేస్త్రీ మొదట చెప్పలేదు, నేను రోజూ నిలబడి అడుగుతుంటే విసుగొచ్చి చెప్పాడు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో ఉల్లిగడ్డ ఏరే పనిలో ఉందని. వెళ్ళాను. లారీలు, హమాలీల కేకలు, కుళ్ళిన ఆకుల వాసన. ఒక షెడ్డులో బస్తాల మధ్య ఆడవాళ్ళు వరుసగా కూర్చుని చెడిపోయినవి వేరు చేస్తున్నారు. ఆమె నన్ను చూసి కూడా ఏరుతూనే ఉంది.

"ఎందుకొచ్చినవ్?"

"నేను... నీతో మాట్లాడాలని."

"నేను అడిగిన్నా నిన్ను, ఇయ్యి అని?"

"లేదు. నేనే ఇచ్చాను."

"గది నాకెందుకు చెప్తున్నవ్? నాకు ఎరుకలేదా? ఆయనకు చెప్పు."

"చెప్పాను."

"ఎప్పుడు?"

"తర్వాత."

"తర్వాత చెప్తే ఏం ఫాయ్‌దా?" చేతిలో ఉల్లిగడ్డ పక్కకి విసిరింది. "నువ్వు రోజు గుస్సా అయితవు గదా. బంతి మీద గుస్సా, నీ మొగని మీద గుస్సా, గడ్డి మీద గుస్సా. ఆ రోజు ఏడికి పోయింది నీ గుస్సా? కావల్సినప్పుడే రాకపాయె!"

పక్కనున్న ఆడవాళ్ళు పని ఆపి చూశారు. నేను నిలబడ్డచోటే ఉండిపోయాను. నా కోపం మీద అప్పటిదాకా నాకు ఒకలాంటి గర్వం ఉండేది, అన్యాయానికి వచ్చే కోపం కదా అని. ఆ షెడ్డులో అది ఏపాటిదో తెలిసింది. నాకు దెబ్బ తగిలితే లేచేదే తప్ప, పక్కవాళ్ళకి తగిలితే నోరు మూసుకునే రకం.

"పో మేడం. పని ఉన్నది," అంది.

జూలైలో, వానలు పడ్డాక, క్లబ్‌లో ఏటా జరిగే పటింగ్ పోటీ. ఆడా మగా కలిపి ఒకటే పోటీ, సాధన గ్రీన్ మీదే పద్దెనిమిది గుంటలు. నేను పేరిచ్చాను. అప్పటికి మా ఇంట్లో మాటలు అవసరానికి మించి లేవు.

వాన తడికి బంతి నెమ్మదిగా పోతోంది. చాలామందికి అది అంతుపట్టలేదు, గుంటకి ముందే ఆగిపోతున్నాయి. నేను ప్రతిచోటా గడ్డి మెరుస్తోందా, నల్లగా ఉందా చూశాను. ఎవరేమనుకున్నా బూట్లు విప్పి నడిచాను. ఒకాయన "ఇదేంటి, గుడికొచ్చినట్టు!" అన్నాడు. గుండెల నిండా మంటగానే ఉంది. ఆ మైదానం మీద, ఆ షామియానా మీద, అక్కడ చేతులు కట్టుకుని స్కోరు చూస్తున్న కమిటీ పెద్దమనిషి మీద, అందరికంటే ఎక్కువ నా మీద. కోచ్ చెప్పినట్టు నేను రిలాక్స్ కాలేదు, ఈ రోజుకీ కాలేదు. కోపాన్ని మోచేతుల కిందికి దిగనివ్వకపోవడం ఒక్కటే నేర్చుకున్నాను. పటర్‌ని పిచ్చుకని పట్టుకున్నంత మెత్తగా పట్టుకున్నాను. తల ఎత్తలేదు. చప్పుడు కోసం విన్నాను.

చివరి గుంట దగ్గర ఎనిమిదడుగులు, పల్లం, గడ్డి మెరుస్తోంది. అంటే కేవలం బంతిని కదిలిస్తే చాలు. కదిలించాను. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత వినబడింది.

ఒక్క దెబ్బ తేడాతో నేనే మొదట వచ్చాను. విజేతకని తెచ్చిన బహుమతి మగవాళ్ళ టీషర్టు, ఎక్స్‌ఎల్. ఆడది గెలుస్తుందని ఎవరూ అనుకోలేదన్నమాట. కమిటీ పెద్దమనిషే అది నా చేతికిచ్చి మైకులో అడిగాడు: "చెప్పండి మేడం, ఇంత మార్పు ఎలా? మీ కోచ్ ఎవరు?"

మైకు తీసుకున్నాను.

"ఈ గ్రీన్ మీద పదకొండేళ్ళు కలుపు తీసినావిడ నా కోచ్. ఏ మూలకి నీళ్ళు పోతాయో ఆమెకి తెలుసు, మీకెవరికీ తెలియదు. మార్చిలో నేనే పటర్ ఇచ్చి కొట్టమన్నాను. ఆమె వద్దంది. ఈయన అడిగితే, ఆమే అడిగిందన్నట్టు అబద్ధం చెప్పాను. మర్నాడే ఆమెని పనిలోంచి తీసేశారు. నిజం చెప్పాక కూడా తిరిగి పెట్టుకోలేదు. అబద్ధం నాది. తీసేసింది మీరు."

షామియానా కింద ఎవరో రెండు చప్పట్లు కొట్టి, తోడు లేక మానేశారు. మా వారు టీ కప్పు వైపే చూస్తూ కూర్చున్నారు.

కారులో సగం దూరం వచ్చాక ఆయన అన్నారు: "నలుగురిలో అలా..."

"నలుగురిలో చెప్తే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా?"

ఆ వారం ఆమెని తిరిగి పనిలో పెట్టుకోవాలని కమిటీకి ఉత్తరం రాసి, సంతకానికి ఆయన ముందు పెట్టాను. చూసి పక్కన పెట్టేశారు. రెండు రోజుల తర్వాత డైనింగ్ టేబుల్ మీద ఆ ఉత్తరం కనిపించింది, నా సంతకం కింద ఆయనది. నేను థాంక్స్ చెప్పలేదు. చెప్పాలనిపించలేదు. అయినా ఆయన ఆ ఉత్తరాన్ని స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చారని తర్వాత తెలిసింది.

కమిటీ నుంచి జవాబు రాలేదు. రెండు వారాలకి సాధన గ్రీన్ పక్కన కొత్త బోర్డు వెలిసింది. తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో. పనివాళ్ళు ఆట సామాను ముట్టరాదు, సభ్యులు వారిని ఆడనివ్వరాదు. ఎక్కడ రాసి ఉందని నేనడిగాను కదా, రాశారు. మూడు భాషల్లో రాశారు. నా కోపం వల్ల ఆ మైదానంలో జరిగిన మార్పు అదొక్కటే. దాని పక్కన నిలబడి ఎంతసేపు పళ్ళు నూరుకున్నానో నాకే తెలియదు.

ఆగస్టులో మళ్ళీ బోయిన్‌పల్లి వెళ్ళాను. ఈసారి ఆమె నన్ను చూసి పొమ్మనలేదు. ఖాళీ బస్తా ఒకటి పక్కకి లాగింది. కూర్చున్నాను. పోటీ సంగతి, మైకులో చెప్పిన సంగతి, బోర్డు సంగతి చెప్పాను. ఏ మాటా మెరుగుపెట్టలేదు.

ఆమె ఏరుతూ విన్నది. "ఆ చివరిది ఎటు దిక్కు గుంట?" అంది.

"నీళ్ళ ట్యాంకు వైపుది."

"మస్తు పల్లం గాడ. ఎట్ల కొట్టినవ్?"

"కొట్టలేదు. కదిలించానంతే."

"ఆఁ." తల ఊపింది. ఇంకో ఉల్లిగడ్డ అందుకుని అంది: "మేస్త్రీ ఫోన్ చేసిండు. వేరే పేరు మీద రా, పెద్ద గ్రీన్ల మీద పెడతా అన్నడు. నేను రానన్న. పేరు మార్చుకొని తల దించుకొని కూసునుడు నాతోని గాదు. గీడ నడుము నొస్తది, గాని ఎవ్వడు నన్ను నీ చేతుల ఏమున్నదని అడగడు."

"నా మీద కోపం పోయిందా?" అని అడగబోయాను. నోటిదాకా వచ్చింది. అడగలేదు. పోయిందని ఆమె చెప్తే నాకు హాయిగా ఉంటుంది. ఆమె దగ్గరికి నా హాయి కోసం వెళ్ళడమేంటి?

పక్కావిడ ఒక గోనెపట్టా తెచ్చి మా ముందు కొత్త బస్తా గుమ్మరించింది. ఊరికే కూర్చోలేక నేనూ ఏరడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు చూసి ఆమె నా చేతిలోంచి ఒక ఉల్లిగడ్డ లాక్కుంది.

"ఇది కరాబు గాలే మేడం. పైన పొర ఒక్కటే పోయింది. సూసి తీయ్."

సరే అని, ఈసారి చూసి తీశాను.